వ్యాపారికి జేబు, సైనికుడికి తుపాకి: ఇంతేనా?

2025 ఆగస్టు 27న అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి చేర్చింది. అందులో సగం, అంటే 25 శాతం, రష్యా దగ్గర చమురు కొంటున్నందుకు వేసిన శిక్ష. రొయ్య మీద అంతకుముందే ఉన్న యాంటీ డంపింగ్, కౌంటర్‌వెయిలింగ్ సుంకాలు దీనికి అదనం. భీమవరం, ఆకివీడు, పాలకొల్లు, అమలాపురం చుట్టుపక్కల చెరువులను నమ్ముకున్న వాళ్లకు అది మామూలు దెబ్బ కాదు. అప్పటి నుంచి గోదావరి జిల్లాల్లో ఒక మాట బాగా బలపడింది. ఎగుమతిదారుడి డబ్బు అమెరికాలో ఉంది కాబట్టి అమెరికా వైపే మాట్లాడతాడట. మాజీ సైనికుడికి తెలిసింది యుద్ధమే కాబట్టి యుద్ధం వైపే మాట్లాడతాడట. కాబట్టి విదేశాంగ వ్యవహారాల్లో ఈ ఇద్దరి అభిప్రాయం విననక్కర్లేదు, వినకముందే అదేమిటో చెప్పేయవచ్చు అని.

ఈ నమ్మకానికి ఇక్కడ లోతైన వేళ్లున్నాయి. డెల్టాలో రెండు మూడు తరాలు వామపక్ష సాహిత్యం చదువుకుంటూ పెరిగాయి. పెట్టుబడి ఎటు పోతే సైన్యం అటు పోతుందని 1902లో బ్రిటిష్ ఆర్థికవేత్త హాబ్సన్ సామ్రాజ్యవాదం మీద రాసిన పుస్తకంలో వాదించాడు. ఆ వాదనను లెనిన్ తీసుకున్నాడు, లెనిన్ నుంచి అది మన ఊళ్ల గ్రంథాలయాలకూ రాజకీయ పాఠశాలలకూ చేరింది. ఈస్టిండియా కంపెనీ చరిత్ర కళ్లముందు ఉన్నవాళ్లకు అది నమ్మశక్యంగా కనిపించడంలో వింత లేదు. నరసాపురం పక్కన మాధవాయపాలెంలో బట్టల వ్యాపారానికి వచ్చిన ఇంగ్లీషువాళ్లు చివరికి ఏంచేశారో అందరికీ తెలుసు. కానీ ఒక కంపెనీ ఒకప్పుడు దేశాన్ని మింగిందన్న మాట నిజమైనంత మాత్రాన, ఈనాటి వ్యాపారి బుర్రలో ప్రతి అభిప్రాయమూ జేబులోంచే పుడుతుందన్నది నిజం కాదు. రెండూ వేరు వేరు సంగతులు.

2025నే పరీక్షగా పెట్టి చూద్దాం. అంతకంటే స్పష్టమైన పరీక్ష దొరకదు. 2024-25లో మన దేశం నుంచి దాదాపు 17 లక్షల టన్నుల సముద్రోత్పత్తులు ఎగుమతి అయ్యాయి. వాటి విలువ 62 వేల కోట్ల రూపాయల పైచిలుకు. అందులో ముఖ్యమైన సరుకు గడ్డకట్టించిన రొయ్య, దానికి అతి పెద్ద కొనుగోలుదారు అమెరికా, దాన్ని అందరికంటే ఎక్కువగా పండించే రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. శిక్షకు కారణాన్ని అమెరికా దాచలేదు. రష్యా చమురు కొంటున్నారు కాబట్టి వేస్తున్నామని బాహాటంగానే చెప్పింది. జేబు సిద్ధాంతం నిజమే అయితే ఎగుమతిదారుల సంఘాలు ఏమనాలి? చమురు ఆపండి, మా వ్యాపారం నిలబెట్టండి అనాలి. అంతకంటే సూటి లెక్క లేదు.

అవి అడిగినవి చూస్తే వేరే కథ. నిర్వహణ పెట్టుబడికి మృదు రుణాలు కావాలన్నారు. వడ్డీ రాయితీ కావాలన్నారు. బ్యాంకు వాయిదాలకు గడువు పెంచమన్నారు. యూరప్‌తో ఒప్పందం త్వరగా చేసుకోమన్నారు. అవన్నీ జేబు కోరికలే, ఒప్పుకోవాల్సిందే. అయితే వాటిలో ఒక్కటీ దేశ విదేశాంగ వైఖరిని మార్చమని అడిగేది కాదు. వాళ్లు తమ బ్యాంకు మేనేజరుతో, ఢిల్లీలోని వాణిజ్య శాఖతో మాట్లాడారు గానీ మాస్కో గురించి మాట్లాడలేదు. దేశం రష్యాతో ఎలా ఉండాలన్న ప్రశ్న, తమ కంటైనరు గట్టెక్కాలన్న ప్రశ్న వాళ్ల మనసులో రెండు వేరు వేరు అరల్లో ఉన్నాయి. స్వప్రయోజనం మొదటి అరలోకి వెళ్లనే లేదు.

భయపడి నోరు మూసుకున్నారని కొందరంటారు. ఆ మాటలో పస ఉంది. ప్రభుత్వాన్ని విమర్శించడానికి పారిశ్రామికవేత్తలు భయపడుతున్నారని 2019 నవంబరులో రాహుల్ బజాజ్ హోం మంత్రి అమిత్ షా ముందే చెప్పాడు. లైసెన్సు, తనిఖీ, బ్యాంకు అప్పు, ఎగుమతి ప్రోత్సాహకం అన్నీ సర్కారు చేతిలో ఉన్నప్పుడు ఎవడూ ఊరికే గొంతెత్తడు. కానీ ఈ జవాబు జేబు సిద్ధాంతాన్ని నిలబెట్టదు, ఇంకా కూలదోస్తుంది. వ్యాపారి మాటను నిర్ణయిస్తున్నది తన సరుకు కొనే దేశం కాదు, తన సొంత ప్రభుత్వం అని అది ఒప్పుకుంటోంది. అలాంటప్పుడు అమెరికాకు అమ్ముతాడు కాబట్టి అమెరికా పక్షం అనే లెక్క ఎక్కడ నిలబడుతుంది?

అసలు ఏ జేబు గురించి మాట్లాడుతున్నాం? ఆక్వా రంగం అని ఒకే పేరుతో పిలుస్తాం గానీ అందులో ఉన్నవాళ్ల ప్రయోజనాలు ఒకదానితో ఒకటి పొసగవు. చెరువు గట్టు మీద నిలబడితే ఇది కళ్లకు కడుతుంది. పట్టుబడి రోజున తెల్లవారకముందే వల లాగుతారు. ట్రేలలోకి ఎత్తిన రొయ్యలోంచి కిలో తూచి ఎన్ని ఉన్నాయో లెక్కపెడతారు. కిలోకి 30 తూగితే 30 కౌంటు, 100 తూగితే 100 కౌంటు. కౌంటును బట్టి ధర. పెద్ద రొయ్య ఎక్కువగా అమెరికా బాట పడుతుంది, చిన్న రొయ్యకు చైనా లాంటి మార్కెట్లున్నాయి. 2025 ఏప్రిల్ 2న ట్రంప్ కొత్త సుంకాల జాబితా చదవగానే ఇక్కడ చెరువు దగ్గర ధర పడిపోయింది. వారం తిరిగేసరికి, ఏప్రిల్ 9న, ఆ సుంకాన్ని తొంభై రోజులు వాయిదా వేశారు. సుంకం ఇంకా పడకుండానే ధర ఎందుకు దిగింది, అమెరికాకు వెళ్లని 100 కౌంటు ధర కూడా ఎందుకు కోశారు అని రైతులు నిలదీశారు. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు కేంద్రానికి లేఖ రాయాల్సి వచ్చింది, రాష్ట్రంలో ఎగుమతిదారులతో మాట్లాడాల్సి వచ్చింది.

అంటే ఒకే సుంకం వార్త లీజుకు చెరువు తీసుకున్న రైతుకు నష్టం, ముడిసరుకు చౌకగా కొనుక్కున్న ప్రాసెసింగ్ ప్లాంటుకు కొన్నాళ్లు ఊరట, మేత కంపెనీకి బాకీల బెంగ, హేచరీకి ఆర్డర్లు తగ్గుతాయన్న దిగులు. పైగా చెరువులో పెరిగే వనామి మన రొయ్య కాదు. 2009లో దానికి అనుమతి ఇచ్చారు. దాని తల్లి రొయ్యల్లో చాలా భాగం హవాయి నుంచీ ఫ్లోరిడా నుంచీ విమానమెక్కి వస్తాయి, చెన్నైలో క్వారంటైన్ దాటి హేచరీలకు చేరతాయి. అమెరికా అటు కొనుగోలుదారు, ఇటు తల్లిరొయ్య సరఫరాదారు, మధ్యలో సుంకం వేసే సర్కారు. ఇన్ని పాత్రల్లో ఉన్న దేశం గురించి ‘ఆక్వా జేబు’ ఒకే అభిప్రాయం చెబుతుందని ఎలా అనుకోవాలి?

ఇంకో ఉదాహరణ కాకినాడ నుంచి. వాకలపూడి దగ్గర ఓడల్లో ముడి పామాయిల్ దిగుతుంది, అక్కడి రిఫైనరీల్లో శుద్ధి అవుతుంది.  2019 సెప్టెంబరులో మలేసియా ప్రధాని మహతీర్ ఐక్యరాజ్యసమితిలో కాశ్మీర్ గురించి భారత్‌ను తప్పుపట్టారు. అక్టోబరు 21న సాల్వెంట్ ఎక్స్‌ట్రాక్టర్స్ అసోసియేషన్ తన సభ్యులందరికీ ఒక సలహా పంపింది. మలేసియా పామాయిల్ కొనడం కొంతకాలం ఆపండి, దేశానికి సంఘీభావంగానూ మీ మేలు కోసమూ అని. కొనడం ఆపమని అప్పటికి ప్రభుత్వం ఒక్క ఉత్తర్వూ ఇవ్వలేదు. ఇండోనేషియా నూనెకు కాస్త ఎక్కువ ధర పెట్టాల్సి వచ్చినా కొనుగోలుదారులు అటు మళ్లారు. 2020 జనవరి 8న గానీ ప్రభుత్వం శుద్ధిచేసిన పామాయిల్ దిగుమతిని ఆంక్షల జాబితాలో చేర్చలేదు.

జేబు సిద్ధాంతి ఇక్కడ చెయ్యెత్తుతాడు. శుద్ధి నూనె రాకపోతే లాభం దేశీయ రిఫైనరీలకే కదా అంటాడు. నిజమే. అవి ఏళ్ల తరబడి కోరుతున్నదీ ముడి నూనెకూ శుద్ధి నూనెకూ మధ్య సుంకం తేడా పెంచమనే. కానీ అక్టోబరు సలహా శుద్ధి నూనె గురించే కాదు, మలేసియా సరుకు మొత్తం గురించి. రిఫైనరీకి ముడి నూనె కావాలి, అదీ ఆపుకోమన్నారు. ఎందుకు? ఢిల్లీ ఏ దిశగా అడుగు వేయబోతోందో ముందే పసిగట్టారు కాబట్టి. ఓడ దారిలో ఉండగా సుంకం పెరిగితే మునిగేది తామే కాబట్టి. దేశాభిమానమూ, సర్కారు ఉద్దేశం మీద అంచనా, నష్టభయమూ ఒకే సలహాలో కలిసిపోయాయి. వాటిలో ఏది ఎంత పాలని ఎవరూ విడదీసి చూపలేరు. ఒక్క సంగతి మాత్రం తెలుస్తోంది. మహతీర్ మీద కోపం కాకినాడ గోదాముల్లో పుట్టి ఢిల్లీకి ఎక్కలేదు. ఢిల్లీలో పుట్టి కాకినాడకు దిగింది. వాడుకలో ఉన్న సిద్ధాంతం ఈ దిశను తలకిందులు చేసి చెబుతోంది.

జేబు మాట పూర్తిగా అబద్ధమని ఈ వాదన చెప్పడం లేదు. సరుకు ఒక్కటే, నిర్ణయం దగ్గర్లోనే ఉంది, లాభనష్టం తేలికగా లెక్కకు వస్తుంది అన్నప్పుడు వ్యాపారి కచ్చితంగా జేబుతోనే ఆలోచిస్తాడు. 2023 జులై 20న బాస్మతియేతర తెల్లబియ్యం ఎగుమతిని నిషేధించినప్పుడు పశ్చిమ ఆఫ్రికాకు బియ్యం పంపే కాకినాడ వ్యాపారులు గగ్గోలు పెట్టారు. 2024 సెప్టెంబరు చివర నిషేధం ఎత్తేసినప్పుడు ఊపిరి పీల్చుకున్నారు. 2002లో, పాకిస్తాన్ సరిహద్దుకు సైన్యాన్ని తరలించిన ఆపరేషన్ పరాక్రమ్ సమయంలో, మే నెలాఖరున తన పౌరులు భారత్ వదిలి రావాలని అమెరికా సూచన జారీచేసినప్పుడు, బెంగళూరు ఐటీ కంపెనీల వాళ్లు విదేశీ ఖాతాదారులు జారిపోతారని బెంబేలెత్తి ఢిల్లీకి తమ ఆందోళన చేరవేశారు. ఈ కథను అమెరికన్ కాలమిస్టు థామస్ ఫ్రీడ్‌మన్ ఆ ఏడాదే రాసి ప్రపంచమంతా తిప్పాడు. అందులో నిజం ఉంది. అయితే ఆ ఉద్రిక్తత చల్లారడానికి అమెరికా దౌత్యమూ, పాకిస్తాన్ అధ్యక్షుడు ముషారఫ్ ఇచ్చిన హామీలూ, మన సైన్యం సొంత లెక్కలూ కారణమయ్యాయి. సాఫ్ట్‌వేర్ కంపెనీల ఒత్తిడి వీటి పక్కన చిన్నది. 1998 మేలో పోఖ్రాన్ పరీక్షలు జరిగినప్పుడైతే ఆంక్షలు తప్పవని తెలిసి కూడా దేశంలోని పెద్ద పారిశ్రామిక సంఘాలు సర్కారుకు అండగా నిలిచాయి. నాలుగేళ్ల తేడాలో అదే వర్గం, అవే పుస్తకాల్లో అవే డాలర్లు. వైఖరులు రెండు.

తణుకును చూస్తే ఈ చిక్కు ఇంకా బాగా తెలుస్తుంది. ముళ్లపూడి హరిశ్చంద్రప్రసాద్ 1947లో చక్కెర మిల్లుగా మొదలుపెట్టిన ఆంధ్రా షుగర్స్ తర్వాత ఆస్పిరిన్ తయారుచేసింది, ఇస్రో రాకెట్లకు కావలసిన ద్రవ ఇంధనం యూడీఎంహెచ్ కూడా తయారుచేసింది. ఆస్పిరిన్ అమ్ముకోవడానికి ప్రపంచ మార్కెట్లతో స్నేహం కావాలి. రాకెట్ ఇంధనం స్వదేశంలో తయారుచేయాల్సి వచ్చిందే బయటి దేశాలు సాంకేతికతను ఆపుతాయన్న భయం వల్ల. అలాంటి కంపెనీ పెద్దను అమెరికా గురించి అడిగితే ఏ ఉత్పత్తి తరఫున జవాబు చెప్పాలి? జేబు ఆయనకు ఒక దిక్కు చూపించదు, రెండు దిక్కులు చూపిస్తుంది. ఎటు తిరగాలో నిర్ణయించేది ఆయన చదువు, స్నేహాలు, దేశం గురించి ఆయనకున్న ఊహ.

ఈ సంగతిని అమెరికాలో ఎప్పుడో పరిశీలించి చూశారు. రేమండ్ బావర్, ఇథియెల్ డి సోలా పూల్, లూయిస్ డెక్స్‌టర్ 1950లలో వందలాది వ్యాపార సంస్థల అధిపతులను అడిగి 1963లో పుస్తకం వేశారు. వాళ్ల కంపెనీ ఏం అమ్ముతుందో తెలిస్తే వాళ్ల వాణిజ్య అభిప్రాయం చెప్పేయవచ్చు అనుకుని వెళ్లినవాళ్లకు లెక్క తేలలేదు. విదేశాలు ఎక్కువ తిరిగినవాడు తన సరుకు కళ్లతో చూడడం తగ్గించి దేశం కళ్లతో చూడడం మొదలుపెడుతున్నాడని తేలింది. 1973లో బ్రూస్ రసెట్, ఎలిజబెత్ హాన్సన్ పెద్ద కంపెనీల ఉన్నతాధికారులకూ యుద్ధ కళాశాలల్లోని సైనికాధికారులకూ ప్రశ్నాపత్రాలు పంపారు. 1975లో అచ్చయిన వాళ్ల పుస్తకం చెప్పినదేమిటంటే, విదేశాంగ అభిప్రాయాలను ఆర్థిక ప్రయోజనం కంటే మనిషి సాధారణ రాజకీయ భావాలే బాగా వివరిస్తాయని. దేశీయ వ్యవహారాల్లో సంప్రదాయవాది అయితే విదేశాల విషయంలోనూ కఠినంగా ఉంటాడు, రక్షణ కాంట్రాక్టు ఉన్నా లేకపోయినా. ఆ అధ్యయనంలో సైనికాధికారులు వ్యాపారులకంటే కఠినంగా కనిపించారు. ఆ మాటా దాచకూడదు. దాని సంగతి తర్వాత వస్తుంది.

ప్రయాణం మాట మన ఎగుమతిదారులకు అతికినట్టు సరిపోతుంది. భీమవరం, కాకినాడల నుంచి ఏటా మార్చిలో బోస్టన్ సీఫుడ్ ప్రదర్శనకు వెళ్లేవాళ్లున్నారు, ఆ తర్వాత బార్సిలోనాకు, చైనాలో చింగ్‌డావోకు వెళ్లేవాళ్లున్నారు. ఒకే స్టాలు వరుసలో ఈక్వెడార్‌వాడు, వియత్నాంవాడు, ఇండోనేషియావాడు. అమెరికా సూపర్‌మార్కెట్ కొనుగోలుదారుడు చెరువులో వాడిన మందుల సంగతి అడుగుతాడు. యూరప్‌వాడు ఆక్సిటెట్రాసైక్లిన్ అవశేషాల పరీక్ష కాగితం అడుగుతాడు. 2020లో కరోనా కాలంలో ప్యాకింగ్ మీద వైరస్ జాడలున్నాయని చైనా మన సరుకు ఎన్నిసార్లు నిలిపేసిందో వీళ్లకు బాగా గుర్తు. అదే ఏడాది జూన్‌లో గల్వాన్‌లో చైనా సైన్యంతో జరిగిన ఘర్షణలో సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్‌బాబు ప్రాణాలు పోయాయి. చైనాకు రొయ్య అమ్మేవాడికి చైనా ఒక మార్కెట్టూ అయింది, ఒక కోపమూ అయింది. 2025 సుంకాల తర్వాత యూరప్ మరో 102 మన యూనిట్లకు అనుమతి ఇచ్చింది, ఆస్ట్రేలియా పొట్టు తీయని రొయ్యకు తలుపు తెరిచింది. ఈ దారులు వెతికినవాళ్లకు ఒక్క దేశం మీద ఆధారపడితే ఏమవుతుందో ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. ఆ జ్ఞానాన్ని ‘వాడి జేబు మాట’ అని పక్కన పెడితే నష్టపోయేది మన చర్చే.

ఇక సైనికుడి సంగతి. ఈ ప్రాంతం సైనికుడి గురించి తేలిక మాట అనడం ఎవరికైనా ఆశ్చర్యం కలిగించాలి. గోదావరి డెల్టా ఊరూరా విగ్రహం పెట్టుకుని పూలదండ వేసే మనిషి ఒక సైనికాధికారి. ఆర్థర్ కాటన్ మద్రాసు ఇంజనీర్స్ పటాలంవాడు, మొదటి బర్మా యుద్ధంలో పనిచేసినవాడు. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట ఆయన కట్టినది. డబ్బు రైళ్ల మీద కాదు, కాలువల మీద, పడవ దారుల మీద పెట్టమని ఆయన ప్రభుత్వంతో జీవితాంతం పోట్లాడాడు. 1878లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందు కూడా అదే వాదించాడు. యూనిఫాం ఆయన ఆలోచనను నిర్ణయించి ఉంటే ఈ వాదన ఆయన నోట వచ్చి ఉండేది కాదు. కరువులో చచ్చిపోయిన ఊళ్లను, వరదకు సముద్రంలోకి పోతున్న నీళ్లను ఆయన కళ్లారా చూశాడు. ఆయన అభిప్రాయాలు అక్కడ పుట్టాయి.

1962 చైనా యుద్ధం మీద మన దేశంలో ఇంకా నోరు విప్పని బాధ ఉంది. ఆ కథలో ఎవరు యుద్ధం కోరారు? సరిహద్దులో ముందుకు వెళ్లి చౌకీలు పెట్టమన్న విధానం 1961 నవంబరులో పౌర నాయకత్వం తీసుకున్నది. పార్లమెంటులో ప్రతిపక్షాలు, పత్రికలు నెహ్రూను ఇంకా కఠినంగా ఉండమని తరుముతున్నాయి. తగినంత బలగం లేదని పశ్చిమ కమాండ్ అధిపతి దౌలత్‌సింగ్ 1962 ఆగస్టులో రాతపూర్వకంగా హెచ్చరించాడు. థాగ్లా గట్టు మీద చైనావాళ్లను ఖాళీ చేయించడం అసాధ్యమని 33వ కోర్ అధిపతి ఉమ్రావ్‌సింగ్ చెప్పాడు. ఆ పని ఆయన చేతుల్లోంచి తీసేసి, కొత్తగా 4వ కోర్ పెట్టి, బి.ఎం. కౌల్‌కు అప్పగించారు. కౌల్ కూడా సైనికుడే. ఒకే యూనిఫాం వేసుకున్న ఇద్దరు జనరళ్లు పూర్తిగా వేరుగా ఆలోచించారు, ఎందుకంటే ఒకరి లెక్క కొండ మీద బియ్యం, తూటాలు ఎలా చేరతాయన్నది, ఇంకొకరి లెక్క ఢిల్లీలో తన స్థానం.

1971లోనూ అంతే. ఏప్రిల్‌లోనే తూర్పు పాకిస్తాన్‌లోకి వెళ్లమన్న ఒత్తిడి ఢిల్లీలో పత్రికల నుంచీ రాజకీయ వర్గాల నుంచీ వచ్చింది. అప్పటి సైన్యాధిపతి మానెక్‌షా తర్వాత చెప్పిన కథలో నాటకీయత ఎంతన్నది చరిత్రకారులు వాదించుకుంటారు, వాదించుకోనీ. వర్షాకాలం గడిచేదాకా, హిమాలయ కనుమలు మంచుతో మూతపడేదాకా ఆగాలన్నది మాత్రం సైన్యం లెక్క. అణుబాంబు కథ ఇంకా తేటగా ఉంది. మన దేశంలో బాంబు కావాలని ముందుకు నెట్టినవాళ్లు శాస్త్రవేత్తలు, ప్రధానమంత్రులు, కొందరు పౌర మేధావులు. త్రివిధ దళాల డిమాండు మీద అది రాలేదు. జార్జ్ పెర్కోవిచ్ 1999 నాటి గ్రంథంలో దీన్ని వందల పేజీల్లో చూపించాడు. 1995 డిసెంబరులో పరీక్షకు సిద్ధమై అమెరికా ఉపగ్రహాలు పట్టేయడంతో ఆగిన ప్రధాని మన పీవీ నరసింహారావు. సైన్యంలో పనిచేయని మనిషి.

రసెట్, హాన్సన్ సైనికాధికారులు కఠినులన్నారు కదా అన్న ప్రశ్నకు జవాబు ఇక్కడ దొరుకుతుంది. కాగితం మీద ప్రశ్నకు కఠినంగా జవాబివ్వడం వేరు, యుద్ధానికి దిగుదామా అని అడిగితే సలహా ఇవ్వడం వేరు. రిచర్డ్ బెట్స్ 1977లో ప్రచ్ఛన్న యుద్ధ సంక్షోభాలను ఒక్కొక్కటే తీసుకుని చూస్తే, యుద్ధం మొదలుపెట్టే విషయంలో అమెరికా సేనాధిపతులు పౌర సలహాదారుల కంటే దూకుడుగా లేరు. 1954లో వియత్నాంలోని దియన్ బియన్ ఫూ దగ్గర ఫ్రెంచివాళ్లను ఆదుకుందామని అడ్మిరల్ రాడ్‌ఫోర్డ్ అంటే, వద్దని గట్టిగా అడ్డుపడింది సైన్యాధిపతి రిడ్జ్‌వే. పీటర్ ఫీవర్, క్రిస్టఫర్ గెల్పీ 2004లో ఇంకో చీలిక చూపారు. సైనిక నేపథ్యం ఉన్నవాళ్లు బలప్రయోగం మొదలుపెట్టడానికి వెనకాడతారు, కానీ దిగాక మాత్రం సగంలో ఆపకుండా పూర్తి బలంతో చేయాలంటారు. రెండో సగాన్ని విని, మొదటి సగం వినకపోతే సైనికుడు యుద్ధోన్మాదిలా కనిపిస్తాడు.

మొండితనం లేదని కాదు. 2006లో సియాచిన్ నుంచి రెండు దేశాలూ వెనక్కి తగ్గే ఒప్పందం మాటల్లో ఉన్నప్పుడు మన సైన్యం ఒప్పుకోలేదు. రెండు సైన్యాలూ నిలబడ్డ చోట్లను పాకిస్తాన్ కాగితం మీద గుర్తించనిదే కదలమన్నారు. అది సరైనదా కాదా అన్న వాదన వేరే. కానీ అది యుద్ధం కోరడం కాదు. చలికి, మంచు పెళ్లలకు జవాన్లను పోగొట్టుకుంటూ పట్టుకున్న శిఖరాలు మళ్లీ ఎక్కాలంటే ఏమవుతుందో తెలిసిన భయం. తప్పో ఒప్పో, అది అనుభవంలోంచి వచ్చింది.

తెలుగు నేల నుంచి వెళ్లి సైన్యాధిపతి అయిన కె.వి. కృష్ణారావు జీవితం చూస్తే ఈ చర్చ ఒక మనిషిలోనే కనిపిస్తుంది. 1971లో సిల్హెట్ రంగంలో 8వ మౌంటెన్ డివిజన్‌ను నడిపాడు. 1981 నుంచి 1983 దాకా సైన్యాధిపతి. 1991లో ఆయన రాసిన జాతీయ భద్రత గ్రంథం పేరు ‘ప్రిపేర్ ఆర్ పెరిష్’. పేరు వింటేనే కఠినుడనిపిస్తుంది. అదే మనిషి 1993 నుంచి 1998 దాకా జమ్మూకాశ్మీర్ గవర్నరు. 1993 అక్టోబరులో ఉగ్రవాదులు హజ్రత్‌బల్ దర్గాలోకి చేరితే సైన్యం నెల రోజులు చుట్టుముట్టి ఉంది గానీ లోపలికి దూసుకుపోలేదు. చర్చలతో అది ముగిసింది. 1996లో ఆ రాష్ట్రంలో శాసనసభ ఎన్నికలు జరిగింది ఆయన ఉండగానే. సన్నద్ధంగా ఉండమన్నవాడు, చేతిలో బలం ఉండి కూడా బ్యాలెట్ పెట్టె దగ్గరకు వెళ్లాడు. ఈ రెంటినీ కలిపి చదవకపోతే ఆయన అభిప్రాయం ఎవరికీ అర్థం కాదు. హైదరాబాదు మనిషి ఇద్రీస్ హసన్ లతీఫ్ వాయుసేనాధిపతిగా దిగిపోయాక మహారాష్ట్ర గవర్నరై, తర్వాత ఫ్రాన్స్‌లో రాయబారి అయ్యాడు. ఆయనను ఏ పెట్టెలో పెడతారు?

సైనికుడు యుద్ధమే కోరతాడన్న మాట ఇప్పుడు ఇంత గట్టిగా వినిపించడానికి ముఖ్య కారణం టీవీ. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ రోజుల్లో ఛానెళ్లు మాజీ అధికారులను పిలిచి మాట్లాడించాయి. ఆచితూచి మాట్లాడేవాడు ఆ తెరకు పనికిరాడు, గొంతెత్తేవాడే మళ్లీ పిలుపందుకుంటాడు. చూసేవాళ్లు అదే సైన్యం అనుకున్నారు. అసలు కాల్పులు ఆగింది ఎలా? మే 10 మధ్యాహ్నం పాకిస్తాన్ మిలటరీ ఆపరేషన్స్ డైరెక్టర్ జనరల్ మన డైరెక్టర్ జనరల్‌కు ఫోన్ చేశాడు. ఇద్దరు సైనికాధికారులు మాట్లాడుకుని ఒక అవగాహనకు వచ్చారు. దాని వెనక రాజకీయ నిర్ణయం ఉంది, బయటి దేశాల ఒత్తిడి ఎంతన్న వివాదమూ ఉంది. కానీ స్టూడియోల్లో ఆ రోజుల్లో గట్టిగా అరిచినవాళ్లు ఆ ఫోన్ లైనులో లేరు.

తాడేపల్లిగూడెం మండలంలోని మాధవరాన్ని జనం మిలటరీ మాధవరం అని పిలుస్తారు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచి ఆ ఊరి కుర్రాళ్లు సైన్యంలో చేరుతూ వస్తున్నారు, రెండో ప్రపంచ యుద్ధానికి వందల మంది వెళ్లారు. చనిపోయినవారికి ఊళ్లో స్మారకం ఉంది. దేశంలో యుద్ధం మాట వచ్చినప్పుడల్లా ఆ ఊరి ఇళ్లకు అది వార్త కాదు, సెలవు రద్దయిందన్న ఫోన్. అలాంటి ఊరి పెద్దమనిషి యుద్ధం గురించి చెప్పే మాటను, పిల్లలను ఎప్పుడూ సరిహద్దుకు పంపని ఇంటి సోఫాలోంచి వచ్చిన మాటతో ఒకే తూకం వేయడం అన్యాయం. దాన్ని తోసేయడం అంతకంటే అన్యాయం.

ఈ తేలిక నమ్మకం వల్ల జరిగే నష్టం నిజమైనది. అభిప్రాయం ముందే తెలుసనుకుంటే ఎవరూ అడగరు. అడగకపోతే ఎగుమతిదారుల సంఘం ప్రకటనే ఆక్వా రంగం గొంతుగా చలామణి అవుతుంది, లీజు రైతు గొంతు అందులో కలిసిపోతుంది. ఛానెల్లో కేకలేసే ఒకరిద్దరు మాజీ అధికారులే సైన్యం గొంతవుతారు. సర్కారు కూడా జేబు సిద్ధాంతాన్నే నమ్ముతుంది. సుంకం దెబ్బకు వడ్డీ రాయితీ ఇస్తే సరిపోతుంది, విధానం మీద వీళ్లకు చెప్పడానికేమీ లేదని తేల్చుకుంటుంది. వియత్నాం, ఈక్వెడార్ ఎలా నెగ్గుకొస్తున్నాయో, చైనా రేవులో సరుకు ఎందుకు ఆగుతుందో, ఒక్క మార్కెట్ మీద ఆధారపడితే దౌత్యంలో చేతులు ఎలా కట్టేసినట్టవుతాయో విధానం రాసేవాళ్లకు చెప్పగలిగినవాళ్లు ఉండీ లేనట్టే.

అమెరికాలో 1973లో చేసినటువంటి పరిశీలన ఇక్కడ చేయడానికి కొండలు తవ్వనక్కర్లేదు. రాజమహేంద్రవరంలో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం ఉంది, భీమవరం, కాకినాడ, ఏలూరుల్లో అర్థశాస్త్రం, రాజనీతిశాస్త్రం చెప్పే కళాశాలలున్నాయి. ప్రాసెసింగ్ ప్లాంట్ల యజమానులు, హేచరీలవాళ్లు, లీజు రైతులు, కాకినాడ బియ్యం, నూనె వ్యాపారులు, మాధవరం మాజీ సైనికులు ఒక రోజు బస్సు ప్రయాణం దూరంలోనే ఉన్నారు. ఒక ప్రశ్నాపత్రం చాలు. సరుకు ఏ దేశానికి వెళ్తుంది, ఏ పత్రిక చదువుతారు, ఏ దేశాలు తిరిగారు, ఏ సంఘంలో ఉన్నారు, ఎక్కడ ఎన్నేళ్లు సరిహద్దులో పనిచేశారు అని ముందు అడగాలి. తర్వాత రష్యా చమురు, చైనా సరిహద్దు, పాకిస్తాన్‌తో చర్చలు, అమెరికా సుంకాల మీద ఏమనుకుంటున్నారో అడగాలి. లీజు రైతులనూ ప్లాంటు యజమానులనూ వేర్వేరు పట్టికల్లో పెట్టాలి, లేకపోతే మళ్లీ మొదటి తప్పే జరుగుతుంది. ప్రభుత్వం గురించి చెప్పే జవాబులకు పేరు రాయనక్కర్లేదని ముందే హామీ ఇవ్వాలి, ఎందుకంటే రాహుల్ బజాజ్ చెప్పిన భయం భీమవరంలోనూ ఉంది.